మే ఎండల్లో మంచుబండ్లు

పొద్దున్నే, కలిసి నవల చదివే గ్రూపులో మూడంకెల మెసేజ్ ఒకటి పడేది: 2-4-10. రెండో సంపుటం, నాలుగో భాగం, పదో అధ్యాయం. తేదీ మే 18. బయట కృత్తిక కార్తె ఎండ, లోపల ఫ్యాను వేడిగాలి. పుస్తకంలో మాత్రం క్రిస్మస్ రోజులు. రస్తోవుల ఇంట్లో పిల్లలు వేషాలు కట్టుకుని, మూడు గుర్రాల మంచుబండ్లెక్కి, వెన్నెల్లో పక్క ఊరికి బయల్దేరతారు. నికొలాయ్ ముసలమ్మ వేషంలో, నతాషా సిపాయిలా, పేత్యా తురక పిల్లలా, సోన్యా మసిబారిన బెరడుతో మీసాలూ కనుబొమ్మలూ దిద్దుకుని. టాల్‌స్టాయ్ ‘యుద్ధం – శాంతి’ని జనవరి 1న మొదలుపెట్టి రోజుకొక అధ్యాయం చొప్పున చదివిన వాళ్లందరికీ ఈ మంచు మే నెలలోనే కురుస్తుంది. మళ్లీ ఎప్పుడు మే వచ్చినా, మజ్జిగ గ్లాసు చేతిలో ఉండగానే ఆ బండ్ల గంటలు వినిపిస్తాయి.

ఆ అధ్యాయమే పెద్ద జ్ఞాపకాల మూట. బండ్లెక్కే ముందు నతాషా, నికొలాయ్, సోన్యా సోఫాల గదిలో మూల కూచుని చిన్నప్పటి సంగతులు తవ్వుకుంటారు. నాన్నగారి గదిలో ఒక నల్లజాతి మనిషి నిలబడి ఉండడం నిజంగా చూశామా, కలగన్నామా, ఎవరైనా చెబితే విన్నామా? హాల్లో గుడ్లు దొర్లిస్తుంటే ఇద్దరు ముసలమ్మలు తివాచీ మీద గిరగిరా తిరగడం మొదలుపెట్టారే, అది జరిగిందా? తేల్చరు. తేల్చాలని కూడా లేదు వాళ్లకి. కలిసి ఒక పెద్ద నవల చదివినవాళ్లు నాలుగైదేళ్ల తర్వాత కలుసుకుంటే సరిగ్గా ఇలాగే మాట్లాడుకుంటారు. ఫలానా మాట పుస్తకంలో ఉందా, మనలో ఎవరైనా అన్నారా అని.

ఈ లెక్క ఎలా కుదిరిందో ముందు చెప్పాలి. నవలలో నాలుగు సంపుటాలు, వాటిలో పదిహేను భాగాలు, ఆపైన రెండు భాగాల ఉపసంహారం. అధ్యాయాలు మొత్తం 361. ఏడాదికి నాలుగు రోజులు తక్కువ. ఒక్కో అధ్యాయం ఇంగ్లీషులో సగటున పదిహేను వందల మాటలు, అంటే తాపీగా చదివితే పావుగంట. రెండు పేజీల అధ్యాయాలూ ఉన్నాయి, పది పేజీలవీ ఉన్నాయి. కానీ రోజుకొకటి అన్న కట్టుబాటు వల్ల చిన్నది వచ్చిన రోజు పండగలా ఉంటుంది.

అయితే గ్రూపుల్లో మొదటి గొడవ ఈ లెక్క దగ్గరే పుడుతుంది. ఇంటర్నెట్లో ఉచితంగా దొరికే మాడ్ దంపతుల ఇంగ్లీషు అనువాదంలో అధ్యాయాలు 365. కథ ఎక్కువై కాదు, విడగొట్టడంలో తేడా. రష్యన్‌లో మొదటి భాగం 25 అధ్యాయాలైతే అక్కడ 28. రెండో సంపుటం రెండో భాగం రష్యన్‌లో 21, అక్కడ 22. మిగతావన్నీ సమానమే. కాబట్టి జనవరి దాటేసరికి మాడ్ చదివేవాళ్లు మూడు అంకెలు తేడాలో ఉంటారు, ఏప్రిల్ మధ్యకి నాలుగు. ఇది తెలియక పోయిన గ్రూపుల్లో ఫిబ్రవరికే "నిన్నటి అధ్యాయంలో అది లేదే!" అన్న ఫిర్యాదులు మొదలవుతాయి. పైగా మాడ్‌లో సంపుటాల లెక్క లేదు, ఒకటి నుంచి పదిహేను దాకా పుస్తకాలంటారు. వాళ్ల ఏడో పుస్తకమే మన 2-4. పదో పుస్తకం 3-2. ఈ మార్పిడి పట్టిక ఒకటి ముందే రాసి అందరికీ ఇచ్చేయాలి. పేజీ నంబర్లు పనికిరావు, ఇద్దరి దగ్గర ఒకే ముద్రణ ఉండటం అరుదు. అన్నిటికంటే సులువైన ఉపాయం, మూడంకెలతో పాటు ఆ అధ్యాయం మొదటి వాక్యం పంపడం. ఎవరి పుస్తకం ఏ భాషలో ఉన్నా పట్టుకోగలరు.

ఇక పేర్లు. రష్యన్ నవల వదిలేసిన వాళ్లని అడిగితే పదిలో తొమ్మిది మంది పేర్ల మీదికే నెడతారు. తెలుగువాళ్లం ఆ మాట అనకూడదు నిజానికి. ఇంటిపేరు, పెట్టిన పేరు, పిలిచే పేరు, పెద్దాయన్ని ‘గారు’ కలిపి పిలవడం – మనకు లేనివా? వెంకటేశ్వర్లు ఇంట్లో వెంకన్న, అమ్మమ్మకి వెంకడు, ఆఫీసులో ఇంటిపేరుతో ఇంకొకాయన. రష్యన్‌లో మనకి కొత్తది ఒక్కటే, మధ్యలో వచ్చే తండ్రి పేరు. నతాల్యా ఇల్యీనిచ్నా రస్తోవా అంటే ఇల్యా కూతురు, రస్తోవుల అమ్మాయి. ఆవిడే నతాషా. అన్న నికొలాయ్ ఇల్యీచ్, ఇంట్లో నికొలెంకా, అమ్మకి నికొలుష్కా, ఫ్రెంచి మాట్లాడేవాళ్లకి నికొలా. ఆడవాళ్ల ఇంటిపేరు చివర ‘ఆ’ చేరుతుంది: కురాగిన్ కూతురు కురాగినా. పెద్దవాళ్లని పేరు, తండ్రి పేరు కలిపి పిలిస్తే అది మన ‘గారు’. ఈ ఒక్క పేరా అర్థమైతే సగం భయం పోతుంది.

నిజంగా తికమక పెట్టేవి వేరే ఉన్నాయి. ఒకే పేరున్న ఇద్దరు. అన్నా పావ్లొవ్నా మొదటి పేజీలో విందు ఇచ్చే ఆవిడ, అన్నా మిఖాయిలొవ్నా కొడుకు ఉద్యోగం కోసం అందరి కాళ్లూ పట్టుకునే ఆవిడ. ప్రిన్స్ వాసిలీ కురాగిన్ వేరు, ‘ర’ పలకని వాసిలీ దెనీసొవ్ వేరు. రస్తోవుల నికొలాయ్ ఉన్నాడు, ముసలి బల్కోన్‌స్కీ పేరూ నికొలాయే, ఆయన మనవడూ నికొలెంకాయే. మార్యాలు ఇద్దరు. మొత్తం పాత్రలు ఐదు వందలు దాటతాయి గానీ ఆ అంకె చూసి బెదరక్కర్లేదు. గుర్తుంచుకోవలసినవి ఐదు ఇళ్లు: బెజూఖొవ్, బల్కోన్‌స్కీ, రస్తోవ్, కురాగిన్, ద్రుబెత్స్‌కోయ్. పోస్టుకార్డంత అట్టముక్క మీద ఐదు గళ్లు గీసుకుని, మనిషి కనిపించినప్పుడల్లా ఆ గడిలో రాసుకుంటూ పోతే ఫిబ్రవరి నాటికి ఆ అట్టతో పని ఉండదు. పుస్తకం ముందు అచ్చువేసిన వంశవృక్షం మాత్రం చూడొద్దు. ఎవరు ఎవరిని పెళ్లి చేసుకుంటారో అందులోనే ఉంటుంది. పన్నెండు వందల పేజీల ఉత్కంఠ ఒక్క గీతతో పోతుంది. దానికీ పండితుల ముందుమాటకీ కలిపి రబ్బరుబ్యాండ్ వేసి చివరిదాకా విప్పకుండా ఉంచడం మంచి పద్ధతి.

ఇంకో మాట. ప్రిన్స్ అంటే రాకుమారుడు కాదు. రష్యాలో ‘క్న్యాజ్’ ఒక వంశపు బిరుదు. బల్కోన్‌స్కీల ఆంద్రేయ్ రాజుగారి కొడుకు కాదు, అతని చెల్లెలు మార్యా రాజకుమారి కాదు. తండ్రి ఊళ్లో ఉంటూ చిత్రిక యంత్రం మీద చెక్క పనిచేసుకుంటూ కూతురికి రేఖాగణితం పాఠాలు చెప్పి ఏడిపించే పాతకాలపు జమీందారు. ఆ ఊరి పేరు లీసియె గోరి, అంటే బోడికొండలు. ఆ మాట తెలుగులో చెప్పుకోగానే ఊరు మన జిల్లాలోకి వచ్చేస్తుంది. మాడ్ దంపతులు ఆంద్రేయ్‌ని ఆండ్రూ అనీ, మార్యాని మేరీ అనీ, నికొలాయ్‌ని నికొలస్ అనీ మార్చారు. కొత్త అనువాదాల్లో ఎక్కువగా రష్యన్ పేర్లే. గ్రూపులో సగం మంది ఆండ్రూ అంటూ సగం మంది ఆంద్రేయ్ అంటూ ఉంటే రెండు వారాలు గందరగోళమే.

జనవరి అందరికీ గుర్తుండే నెల, ఎందుకంటే జనవరిలోనే ఎక్కువమంది జారిపోతారు. 1805 జూలై, పీటర్స్‌బర్గులో విందు. మొదటి వాక్యమే ఫ్రెంచిలో. "ఎ బ్యాఁ, మొం ప్రాన్స్..." అని మొదలై జెనోవా, లుక్కా ఊళ్లు ఇక బోనపార్టు కుటుంబం ఎస్టేట్లయిపోయాయన్న ఫిర్యాదు. రష్యన్ నవల తెరిస్తే ఫ్రెంచి ఏమిటని చిరాకు పడతారు. అదే రచయిత వేసిన మొదటి వెటకారం. ఎవరితో యుద్ధానికి దిగబోతున్నారో వాళ్ల భాషలోనే తిడుతున్నారు ఆ పెద్దమనుషులు. మన దగ్గర ఇంగ్లీషువాళ్లని ఇంగ్లీషులో తిట్టిన తరం గుర్తొస్తే ఈ సంగతి ఇంకెవరూ వివరించనక్కర్లేదు. పుస్తకం కొనేటప్పుడు ఈ ఫ్రెంచి సంగతి చూసుకోవాలి. 2007లో వచ్చిన పెవియర్, వొలొఖోన్‌స్కీల అనువాదం ఫ్రెంచిని ఫ్రెంచిలోనే ఉంచి అడుగున అర్థం ఇస్తుంది. 2005 నాటి బ్రిగ్స్ అనువాదం అంతా ఇంగ్లీషులోకి మార్చేసింది. వేగంగా సాగాలంటే బ్రిగ్స్, ఎవరు ఏ భాషలో దాక్కుంటున్నారో చూడాలంటే రెండోది. 1873 ముద్రణలో టాల్‌స్టాయే స్వయంగా ఫ్రెంచి అంతా తీసేసి రష్యన్‌లో రాశాడు, చరిత్ర మీద తన ఉపన్యాసాలని విడిగా వెనక్కి నెట్టాడు. 1886లో అవన్నీ మళ్లీ యథాస్థానానికి వచ్చాయి. ఆ 1873 పుస్తకమే నిలిచి ఉంటే చాలా గ్రూపులు ఆగస్టులో విరిగిపోయేవి కావు. కానీ పుస్తకం చిన్నదైపోయేది, అది నా అభిప్రాయం.

జనవరి చివర్లోనే యుద్ధం, ఫిబ్రవరి రెండో వారంలో పెద్ద పోరు. షోన్‌గ్రాబెర్న్ పోరులో తూషిన్ అనే పొట్టి మనిషి, ఫిరంగుల దళం కెప్టెన్ వస్తాడు. అంతకుముందు బూట్లు లేకుండా మేజోళ్లతో దొరికిపోయి అధికారి చేత చీవాట్లు తిన్నవాడు. ఆ రోజు అందరూ మరిచిపోయిన నాలుగు ఫిరంగులతో నిలబడిపోయేది అతనే. సైన్యం మాటలు చూసి విసుగెత్తి ఈ భాగం తిప్పేసేవాళ్లకు చెప్పాల్సింది ఒకటే: పటం వద్దు, బ్రిగేడ్లు వద్దు, తూషిన్‌ని పట్టుకోండి. పొగ తాగుతూ ఫిరంగులకి పేర్లు పెట్టుకునే ఆ మనిషి వెంట నడిస్తే యుద్ధం దానంతటదే అర్థమవుతుంది. ఆ తర్వాత వచ్చే ఆస్టర్లిట్జ్ పోరుకి మాత్రం ఒక చిన్న పటం ఉండాలి. ఈనాటి చెక్ దేశంలో స్లావ్‌కోవ్ దగ్గర ఉంది ఆ నేల. ప్రాట్సెన్ గుట్ట ఎక్కడుందో, పొగమంచు ఎటు పల్లంలో ఉందో తెలిస్తే చాలు. మార్చి 3న ఆంద్రేయ్ వెల్లకిలా పడి ఆకాశం చూస్తాడు. ఆ రోజు గ్రూపులో పెద్దగా ఎవరూ మాట్లాడరు.

కలిసి చదవడం మనకేమీ కొత్త కాదు. ఊళ్లలో భారతం, భాగవతం రాత్రిళ్లు ఒకరు చదువుతూ ఇంకొకరు అర్థం చెబుతూ నెలల తరబడి సాగేవి. వానలు పడకపోతే విరాటపర్వం చదివించేవారు. రష్యాలోనూ ఇళ్లలో పైకి చదివి వినిపించుకోవడం మామూలే. ఈ నవల తొలి భాగాలు ‘1805’ అన్న పేరుతో 1865, 66లలో ‘రూస్కీ వేస్త్నిక్’ పత్రికలో వచ్చాయి. ఆ పత్రికలోనే 1866లో దోస్తొయెవ్‌స్కీ ‘నేరము – శిక్ష’ కూడా వచ్చింది. ఒకే చందాకి ఆ రెండూ! నెలనెలా వాటికోసం ఎదురుచూసిన పాఠకుల మీద అసూయ కలగకుండా ఎలా ఉంటుంది. ‘యుద్ధం – శాంతి’ పూర్తి పుస్తకంగా ఆరు సంపుటాల్లో 1868, 69లలో వెలువడింది. ఆ చేతిరాత చిక్కుల్ని విప్పి పదేపదే శుభ్రంగా ఎత్తిరాసింది టాల్‌స్టాయ్ భార్య సోఫియా ఆంద్రేయెవ్నా.

మన వైపు రష్యన్ పుస్తకం అనగానే గుర్తొచ్చేది మాస్కో అచ్చు. ప్రగతి, రాదుగ, మీర్ ప్రచురణాలయాల గట్టి అట్టలు, మందం కాగితం, విప్పగానే వచ్చే ఆ బంక వాసన, చేతికి అందే ధర. విశాలాంధ్ర దుకాణాల్లో అవి వరసలుగా ఉండేవి. మాస్కోలో కూచుని తెలుగు చేసినవాళ్లలో ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి ఉన్నారు. అనువాదకుడి కష్టాలేమిటో రాచమల్లు ‘అనువాద సమస్యలు’లో రాశారు, దానికి 1988లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. 1991 తర్వాత ఆ పుస్తకాల రాక ఆగిపోయింది. ఇప్పుడు పాత పుస్తకాల బండి మీద ఒకటి కనిపిస్తే చాలు, మొదట వాసన చూసేది ఆ తరంవాళ్లే.

గ్రూపు సంగతులు. ఆరుగురి నుంచి పదిమంది దాకా బాగుంటుంది. నలుగురే అయితే ఇద్దరు వెనకబడగానే ఆగిపోతుంది. ఇరవై దాటితే ఎవరో ఒకరు ముందుకెళ్లిపోయి కథ చెప్పేస్తారు. ముఖ్యమైన కట్టుబాటు అదే: ఆ రోజు అంకె దాటిన సంగతి మాట్లాడకూడదు. రెండోసారి చదివేవాళ్లు ఒకరుండాలి, కానీ ఆ మనిషికి నోటి మీద అదుపుండాలి. అది లేని పండితుడి కన్నా కొత్తవాళ్లే నయం. వారానికోసారి గంట కూచుంటే ఏడు అధ్యాయాలు చేతిలో ఉంటాయి. మొదటి పది నిమిషాలు ఎవరైనా ఒక పేజీ పైకి చదవాలి. దెనీసొవ్ మాటల్లో ‘ర’ మింగేస్తూ చదివినవాడు ఆ రోజు హీరో.

వారం కుదరని చోట ఇంకో పద్ధతి ఉంది. భాగాలు పదిహేడు కాబట్టి మూడు వారాలకొకటి పెట్టుకుంటే 51 వారాలు. కాగితం మీద చక్కగా ఉంటుంది, ఆచరణలో దెబ్బతింటుంది. 2-4లో పదమూడే అధ్యాయాలు, 3-2లో ముప్ఫై తొమ్మిది. అదే మూడు వారాల్లో ఒకసారి ఊరికే కూచోవాలి, ఒకసారి రాత్రిళ్లు మేలుకోవాలి. ఈ పద్ధతి పట్టేవాళ్లు 2-4ని 2-5తో కలిపేసి, 3-2ని పద్దెనిమిదో అధ్యాయం దగ్గర రెండుగా విరగ్గొట్టాలి.

వెనకబడ్డవాళ్ల కోసం ఒక సలహా. పది అధ్యాయాలు మిగిలిపోతే ఆదివారం మధ్యాహ్నం రెండున్నర గంటలు పెట్టుకుంటే చేరిపోవచ్చు. ఇరవై దాటితే చేరడానికి ప్రయత్నించొద్దు. మిగిలినవాటికి ఎవరి చేతనైనా కథ చెప్పించుకుని, ఆ రోజు అంకె దగ్గరే కలవాలి. వదిలేసినవి తర్వాత చూసుకోవచ్చు. వరసగా చదివితేనే చదివినట్టు అన్న పట్టుదల వల్ల పుస్తకాన్నే వదిలేసినవాళ్లు ఎక్కువ. దోస్తొయెవ్‌స్కీకి మాత్రం ఈ రోజుకొకటి పద్ధతి పనికిరాదు. ‘కరమాజొవ్ సోదరులు’ చదువుతూ సగంలో లేవమంటే ఎవరూ లేవరు. ‘అన్నా కరేనినా’ 239 అధ్యాయాలు, ఎనిమిది భాగాలు, దానికి ఇది చక్కగా పడుతుంది.

మార్చి చివర్లో బెజూఖొవుల పియెర్ ఫ్రీమేసన్లనే రహస్య సంఘంలో చేరతాడు. కళ్లకు గంతలు, చీకటి గది, ప్రమాణాలు. ఈ నాలుగైదు రోజులు గడవడం కష్టం, ఏం దాచను. దీన్ని కాస్త నవ్వుతూ చదవాలి, టాల్‌స్టాయ్ కూడా నవ్వుతూనే రాశాడు. దాటగానే ఏప్రిల్ 13న ఓక్ చెట్టు వస్తుంది. ఊళ్లన్నీ చిగురిస్తుంటే అది ఒక్కటే మొండిగా ఎండిన చేతులు చాచి నిలబడుతుంది. ఏప్రిల్ 15న అదే దారిలో ఆంద్రేయ్ వెనక్కి వస్తూ ఆ చెట్టుని గుర్తుపట్టలేకపోతాడు, నిండా ఆకులు. మధ్యలో ఒక్క రోజు, ఏప్రిల్ 14: వెన్నెల రాత్రి, పై కిటికీలో నతాషా గొంతు. ఈ మూడు రోజులూ మన దగ్గర వేపపూత రాలే రోజులు. ఒక్క కూర్చులో మూడూ చదివేస్తే ఆ చెట్టు చిగురించడానికి పట్టిన వ్యవధి మనకి అందదు. ఏప్రిల్ చివర నతాషా మొదటి నృత్య విందు.

మే 11 నుంచి తోడేలు వేట. నూట ముప్ఫై దాకా కుక్కలు, ఇరవై మంది రౌతులు. వేటయ్యాక మే 15న అందరూ ‘మామయ్య’ అని పిలిచే చుట్టాలాయన పల్లెటూరి ఇంటికి చేరతారు. అనీస్యా ఫ్యొదొరొవ్నా తెచ్చిన పళ్లెం ఎన్నిసార్లు చదివినా ఆకలేస్తుంది: మూలికల వోద్కా, పళ్ల మద్యాలు, పుట్టగొడుగులు, మజ్జిగ పోసి కలిపిన రై పిండి రొట్టెలు, తేనెపట్టు ముక్క, తేనెతో పులియబెట్టిన పానీయం రెండు రకాలు, ఆపిళ్లు, పచ్చి గింజలు, వేయించిన గింజలు, తేనెలో ఊరిన గింజలు. ఆ తర్వాత కోడి, పంది మాంసం, మురబ్బాలు. చేసి తినాలన్న సరదా గ్రూపులో ఎవరికో ఒకరికి పుడుతుంది. రై పిండి దొరక్కపోతే చోళ్లపిండిలో పుల్లమజ్జిగ పోసి పెనం మీద మందంగా కాల్చుకోవచ్చు. రుచి అదే కాదు గానీ రంగూ పులుపూ దగ్గరికొస్తాయి. తేనెలో ఊరబెట్టే జీడిపప్పు ముందు వేయించి పూర్తిగా చల్లార్చాలి. వేడిమీద తేనె పోస్తే పలచబడి, గింజ మెత్తబడుతుంది. ఆ రాత్రి మామయ్య గిటారు మోగిస్తే, ఫ్రెంచి దొరసాని చేతిలో పెరిగిన నతాషా అచ్చమైన పల్లె నాట్యం చేస్తుంది. ఎక్కడ నేర్చుకుంది, ఎప్పుడు పీల్చుకుంది అని రచయితే ఆశ్చర్యపోతాడు.

జూన్ 12న రెండో సంపుటం ముగుస్తుంది, పియెర్ మాస్కో వీధిలో తోకచుక్కను చూస్తూ. మర్నాడు మూడో సంపుటం మొదటి అధ్యాయం. అందులో మాట: జూన్ 12న పడమటి ఐరోపా సేనలు రష్యా సరిహద్దు దాటాయి, యుద్ధం మొదలైంది. లీపు సంవత్సరంలో అన్నీ ఒక రోజు ముందుకు జరుగుతాయి కనక ఆ అధ్యాయం సరిగ్గా జూన్ 12నే పడుతుంది. 361 అన్న అంకె ఇలా కుదురుతుందని టాల్‌స్టాయ్ అనుకుని ఉండడు. అది పాత రష్యన్ పంచాంగం తేదీ. మన క్యాలెండరుకి పన్నెండు రోజులు కలిపితే జూన్ 24. నవలలో తేదీలన్నీ ఇంచుమించు ఇంతే, ఇది తెలియక చరిత్ర పుస్తకంతో పోల్చుకుని తప్పులు పడతారు. బరదినో పోరు నవలలో ఆగస్టు 26, చరిత్ర పుస్తకంలో సెప్టెంబరు 7. రెండూ ఒకటే.

జూన్ 30న నతాషా చర్చిలో ప్రార్థన వింటుంది. "మీర్‌తో దేవుణ్ణి వేడుకుందాం" అంటాడు పూజారి. మీర్ అంటే శాంతి, మీర్ అంటే లోకం, ఊరి జనసమూహం కూడా. పాత లిపిలో ఈ రెంటినీ వేర్వేరు అక్షరాలతో రాసేవారు, నవల పేరులో ఉన్నది శాంతి అర్థమున్న అక్షరమే. కానీ చర్చిలో ఆ మాట వినగానే నతాషాకి తట్టేది అందరం కలిసి అన్న అర్థం. ఒక సాయంత్రం మొత్తం దీనికే సరిపోతుంది.

జూలై 24 నుంచి ఆగస్టు 13 దాకా బరదినో. ఒక్క రోజు పోరు, చదవడానికి మూడు వారాలు. 1867 సెప్టెంబరులో టాల్‌స్టాయ్ తన పన్నెండేళ్ల బావమరిదిని వెంటబెట్టుకుని ఆ పొలాలన్నీ తిరిగి, ఎండ ఏ వేళకి ఎవరి కళ్లలో పడుతుందో కూడా చూసుకుని వచ్చాడు. నవలలోనే చిన్న పటం ఇచ్చాడు. దాన్ని ఫోన్‌లో ఫోటో తీసి ఉంచుకోవాలి. తెల్ల టోపీ, ఆకుపచ్చ కోటుతో ఫిరంగుల మధ్య తిరిగే పియెర్ ఎక్కడ నిలబడ్డాడో అందులో చూసుకోవచ్చు. అది దాటిన మర్నాడు, ఆగస్టు 14న, గురి చూసి కొట్టినట్టు గ్రీకుల పాత చిక్కుప్రశ్నలోని అకిలీజూ తాబేలూ వస్తారు. చరిత్రని కలనగణితంలా చూడాలన్న ఉపన్యాసం. సెలవుల ముందురోజు అది. అప్పటిదాకా నిలిచినవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు. ఆ ఒక్క అధ్యాయాన్నీ ఎవరో ఒకరు పైకి చదివి, మిగతావాళ్లు వింటే సరి. కళ్లతో కన్నా చెవితో అది తేలిక.

సెప్టెంబరు 1న నెపోలియన్ పొక్లోన్నయా గుట్ట మీద నిలబడి మాస్కో పెద్దలు తాళాలు తెస్తారని ఎదురుచూస్తాడు. నవల తేదీ సెప్టెంబరు 2, ఒక్క రోజే తేడా. మర్నాడు 3-3-20. ఖాళీ అయిన మాస్కోని రాణి లేని తేనెపట్టుతో పోలుస్తాడు. బయటినుంచి చూస్తే బతికున్నట్టే ఉంటుంది. తట్టి చూస్తే గుయ్యిమనే ఒక్క గొంతు రాదు, అక్కడొకటి ఇక్కడొకటి విడివిడి చప్పుళ్లు. వాసన మారింది, గుమ్మం దగ్గర కాపలా లేదు, దొంగ తేనెటీగలు లోపలికీ బయటికీ. తేనెటీగలు పెంచినవాడు తప్ప ఇంకెవరూ రాయలేని పేజీ అది. టాల్‌స్టాయ్ పెంచాడు కూడా.

అక్టోబరు 2న నాలుగో సంపుటం మొదటి భాగం ముగుస్తుంది. ఆ అధ్యాయంలో ఏం జరుగుతుందో చదివినవాళ్లకి తెలుసు, చదవనివాళ్లకి చెప్పను. మామూలు సంవత్సరాల్లో అది గాంధీ పుట్టినరోజున పడడం మన దేశంవాళ్లకే తట్టే సంగతి. టాల్‌స్టాయ్ చివరి రోజుల్లో రాసిన పెద్ద ఉత్తరాల్లో ఒకటి, 1910 సెప్టెంబరు నాటిది, గాంధీకి రాసిందే. ఆ ఏడాదే జొహానెస్‌బర్గ్ దగ్గర టాల్‌స్టాయ్ ఫారం మొదలైంది. సెలవు కదా, ఆ సాయంత్రం కూచోవడానికి అందరికీ వీలవుతుంది. దానికి నాలుగు రోజుల ముందే ప్లాటన్ కరతాయెవ్ కాల్చిన బంగాళాదుంపని అరచేతిలో పెట్టి, కోసి, ఉప్పు చల్లి పియెర్‌కి ఇస్తాడు. అంత రుచైన తిండి ఎన్నడూ తినలేదనిపిస్తుంది పియెర్‌కి.

నవంబరు 30న ఉపసంహారం. డిసెంబరు 8న చదివే అధ్యాయం 1820 డిసెంబరు 5 నాటిది, నికొలాయ్ పేరిటి పండగ ముందు రోజు. మళ్లీ తేదీలు పక్కపక్కన చేరతాయి. ఇల్లంతా పిల్లలు, చుట్టాలు. ఏడాదంతా వెంట తిరిగిన నతాషా ఇప్పుడు లావై, తలదువ్వుకోకుండా, పసిబిడ్డ గుడ్డని చేత్తో పట్టుకుని వస్తుంది. గ్రూపు రెండుగా చీలేది ఇక్కడే. టాల్‌స్టాయ్ ఆవిణ్ణి పాడుచేశాడని కొందరు, మా ఇంట్లో ఇలాగే ఉంటారని కొందరు. డిసెంబరు 15తో కథ ఆగిపోతుంది, పిల్లవాడి కల దగ్గర.

మిగిలిన పన్నెండు అధ్యాయాలు మనుషులు లేని వాదన: అధికారం అంటే ఏమిటి, స్వేచ్ఛ ఎంత, తప్పనిసరి ఎంత. 349 రోజులు నడిచినవాళ్లు ఈ పన్నెండు రోజుల్లో మానేయడం చూస్తే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. రోజుకొకటి ఇక్కడ పనిచేయదు, నిన్నటి తర్కం ఇవాళ్టికి చల్లారిపోతుంది. రెండు ఆదివారాలు పెట్టుకుని ఆరేసి చొప్పున చదవాలి. చివరిది కోపర్నికస్ మాటతో ముగుస్తుంది: భూమి కదలడం మనకి తెలియదు, అయినా ఒప్పుకున్నాం.

డిసెంబరు 27కి అయిపోతుంది. నాలుగు రోజులు మిగులుతాయి. రబ్బరుబ్యాండ్ తీసి వంశవృక్షం, ముందుమాట చూసుకోవచ్చు. 31న అందరూ మళ్లీ 1-1-1, 1-1-2 పైకి చదువుతారు. అదే విందు, అదే ఫ్రెంచి వాక్యం. ఇప్పుడు ప్రతి కుర్చీలో ఎవరున్నారో, ఎవరికి ఏమవుతుందో తెలుసు. తలుపు తెరుచుకుంటుంది. జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న లావుపాటి కుర్రాడు, కళ్లజోడు, గోధుమరంగు కోటు, ఎవరితో ఏం మాట్లాడాలో తెలియక లోపలికి వస్తాడు. అన్నా పావ్లొవ్నా మొహంలో కంగారు.